చెయ్యి పట్టేంత సందు

"గీతలేగా, ఎంతసేపు పడుతుంది?" అంటూ ఆయన లాప్‌టాప్ తెచ్చి ఇస్త్రీ బల్ల కొసన పెట్టాడు. ఆమె ఆయన చొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె నడుపుతోంది. మధ్యలో చెయ్యి ఆపితే మచ్చ పడుతుందని తలెత్తలేదు. "ఆసుపత్రి భవనం, మూడో అంతస్తు. కారిడార్ పొడుగునా రెండు డక్టులు పక్కపక్కనే పోవాలి. శుక్రవారానికి పంపాలి. లెక్కలన్నీ నేను వేసేశాను, నువ్వు ఊరికే గీసెయ్యడమే" అన్నాడు. ఆ 'ఊరికే' ఆయన నోట ఎంత సులువుగా వస్తుందో ఆమెకి పెళ్లయిన నాటి నుంచీ తెలుసు. ఊరికే వండెయ్యడమే, ఊరికే అమ్మని చూసుకోవడమే, ఊరికే పాప చేత నాలుగు లెక్కలు చేయించడమే. ఈ ఊరికేలన్నీ పూర్తిచేసి ఆమె నడుం వాల్చేసరికి రోజు అయిపోతుంది.

పెళ్లికి ముందూ, పెళ్లయ్యాక కొన్నాళ్లూ కలిపి ఆమె ఒక డిజైన్ ఆఫీసులో ఆరేళ్లు అచ్చంగా ఈ పనే చేసింది. పెద్ద పెద్ద భవనాల్లో సీలింగ్ పైన చల్లగాలిని మోసుకెళ్లే రేకు గొట్టాలని డక్టులంటారు. వాటిని కంప్యూటర్‌లో గీసే పని. కూతురు పుట్టాక మానేసింది. మానేసిందని అందరూ అంటారు గానీ, ఎవరో ఒకరు మానాల్సి వచ్చినప్పుడు ఆ ఒకరు ఎవరన్న మాటే ఆ ఇంట్లో రాలేదు. ఆయనదీ అదే రంగం, వేరే కంపెనీలో ఇంజనీరు. పాపకి ఐదేళ్లప్పుడు ఒకరోజు "ఈ మలుపు కాస్త చూడవా, నాకు కుదిరి చావడం లేదు" అంటూ లాప్‌టాప్ ఆమె ముందు పెట్టాడు. ఆ రోజు ఎంత సంబరపడిందో తలుచుకుంటే ఆమెకే ఇప్పుడు సిగ్గేస్తుంది. తడి చేతులు చీరకి తుడుచుకుని, మౌసు పట్టుకుని, పుట్టింటికి వచ్చినట్టు కూర్చుంది. ఆ రోజు మలుపు చూసింది, మర్నాడు అంతస్తు చూసింది, నెల తిరిగేసరికి భవనం మొత్తం ఇస్త్రీ బల్ల మీదికి వచ్చి కూర్చుంది. అప్పటి నుంచి ఎనిమిదేళ్లు.

ఆఫీసులో ఆయనకి వేరే కంప్యూటర్ ఉంది. ఈ లాప్‌టాప్ ఇంటి దగ్గర పని చేసుకోవడానికని కంపెనీ ఇచ్చింది. ఇంట్లో ఎవరు చేస్తారన్నది కంపెనీ అడగలేదు, ఆయన చెప్పలేదు. పదింటికి ఆయన ఆఫీసుకీ, పాప బడికీ వెళ్లిపోతారు. అత్తగారు మోకాళ్లకి మందు రాయించుకుని పడుకుంటారు. వంటింటి వెనక, బట్టలుతికే మిషనూ చీపుర్లూ ఇస్త్రీ బల్లా ఉన్న గదే ఆమె ఆఫీసు. దానికో కిటికీ ఉంది గానీ, తెరిస్తే పక్కింటి గోడే. మిషను తిరుగుతున్నంతసేపు బల్ల వణుకుతుంది, గీత వంకర పోతుంది. అందుకని ఉతకడం అయ్యాక గీస్తుంది.

పక్కపక్కన పోయే డక్టులకి ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక సులువుంది. ఒకటి గీసి, ఎన్ని కావాలో ఒక గడిలో, ఎంత ఎడంగా కావాలో ఇంకో గడిలో రాసి, మొదటిదాని మీద నొక్కితే చాలు. రెండోది పక్కన దానంతట అదే పుట్టుకొస్తుంది, మొదటిది ఎక్కడ వంగితే అక్కడ వంగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇంద్రజాలంలా ఉంటుంది. చిక్కంతా ఆ ఎడం గడిలోనే ఉంది. అందులో రాసేది ఒక డక్టు మధ్యగీత నుంచి ఇంకో డక్టు మధ్యగీత వరకు దూరం. అందులోంచి చెరొక సగం వెడల్పు పోతుంది. చల్లదనం బయటికి పోకుండా డక్టుకి చుట్టే దుప్పటి మందం ఇంకొంత తింటుంది. ఆ దుప్పటి మామూలుగా తెర మీద కనబడదు, పనిగట్టుకుని అడిగితేనే కనబడుతుంది. ఇవన్నీ పోగా మిగిలిందే సందు. ఆ సందులో మనిషి చెయ్యి, చేతిలో పానాతో సహా దూరి తిరగాలి, లేకపోతే డక్టు ముక్కల్ని కలిపే బోల్టులు బిగించడానికి లేదు. ఉద్యోగం చేసే రోజుల్లో ఒకసారి సైటుకి వెళ్లినప్పుడు, నిచ్చెన మీద ఒకతని వేళ్ల కణుపులు రేకుకి గీరుకుపోయి నెత్తురు కారడం చూసింది. అతను గుడ్డపీలిక చుట్టుకుని మళ్లీ అదే సందులో చెయ్యి పెట్టాడు. ఆ తర్వాత ఆమె గీసిన ఏ డ్రాయింగులోనూ చెయ్యి పట్టేంత సందు లేకుండా పోలేదు. ఆయన వేసే లెక్కల్లో అది ఉండదు. ఎవరూ అడగరు, ఆమే వదులుతుంది.

మలుపుల దగ్గర ఇంకో తమాషా ఉంది. రెండు డక్టులు ఎడం చెడకుండా కలిసి తిరగాలంటే లోపలిది చటుక్కున తిరిగేస్తుంది, బయటిది చుట్టూ నడిచి రావాలి. చూసేవాళ్లకి రెండూ జోడుగా నడుస్తున్నట్టే ఉంటాయి, బయటిదానికి రేకు ఎక్కువ పడుతుందని మేస్త్రీకి ఒక్కడికే తెలుస్తుంది. మొదటిసారి ఇది తట్టినప్పుడు ఆమెకి తనలో తనకే నవ్వొచ్చింది. ఎవరితోనైనా చెప్పాలనిపించి, సాయంత్రం దాకా దాచుకుని, "ఏమండీ, ఈ మలుపు చూడండి, ఎంత నిండుగా తిరిగిందో" అంది. ఆయన తలుపు దగ్గర నుంచే చూసి "బాగుంది. టీ పెట్టావా?" అన్నాడు. పెట్టలేదు. వెళ్లి పెట్టింది. ఆ తర్వాత ఎవరికీ ఏ మలుపూ చూపించలేదు. ఆమెకి ఒంటరిగా ఉండేది. ఇంట్లో మనుషులు లేక కాదు, పిలిస్తే పలికేవాళ్లు ముగ్గురున్నారు. పొద్దంతా తన చేతుల్లో తయారైన పనిని చూసి ఇది బాగుంది, ఇది బాగాలేదు అనే మనిషి ఒక్కరు లేక. కొన్నిసార్లు డ్రాయింగ్ పూర్తయ్యాక దాన్ని తెర మీద అటూ ఇటూ తిప్పుతూ, భవనంలో తానే గాలిలా నడిచి వచ్చి, మిషను లోంచి తడి బట్టలు తీయడానికి లేచేది.

మూడేళ్ల క్రితం కంపెనీ వాళ్లు ఉద్యోగులని కుటుంబాలతో సహా భోజనానికి పిలిచారు. అక్కడ ఆయన పై అధికారి ఆమెతో ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "మీవారి డ్రాయింగులు ముత్యాల్లా ఉంటాయమ్మా. సైటు నుంచి ఇది కుదరలేదని ఒక్క ఫోను రాదు. మీకు ఇవన్నీ అర్థం కావనుకోండి." ఆమె నవ్వి, ఆయన వైపు చూసింది. ఆయన కంచంలో ఏదో వెతుక్కుంటున్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు. ఇంటికొచ్చే దారిలో ఆయన "ఏం, మీ ఆయన్ని అంత మెచ్చుకుంటుంటే నీకు సంతోషంగా లేదా?" అని అడిగాడు. లేదని చెప్పడానికి ధైర్యం చాలలేదు, ఉందని చెప్పడానికి మనసొప్పలేదు. పాప మీద దుప్పటి సర్ది కిటికీలోంచి బయటికి చూసింది.

కాలరు పూర్తయి చొక్కా మడత పెట్టేలోగా ఆయన వెళ్లిపోయాడు. ఆసుపత్రి కారిడార్ తెరిచిందో లేదో ఫోను మోగింది. పాత ఆఫీసులో పక్క సీట్లో కూర్చుని నీళ్ల పైపులు గీసే స్నేహితురాలు. అందరూ పైపులమ్మ అనేవారు.

"ఏమే, బతికే ఉన్నావా?"

"ఉన్నానే. ఇస్త్రీ చేస్తున్నాను."

"అది పక్కన పడేసి విను. మా దగ్గర డక్టులు గీసేవాళ్లు కావాలి. మా పెద్దాయనకి నీ గురించి చెప్పాను. పదమూడేళ్లు ఇంట్లో కూర్చుందటగా, చెయ్యి మొద్దుబారి ఉంటుందేమో అని నసిగాడు. ఈ మధ్య గీసినవి ఒక పది తెచ్చి చూపిస్తే నోరు మూసుకుంటాడు. నీ దగ్గర ఉన్నాయా?"

"ఉన్నాయి" అంది ఆమె. అని, ఫోను పెట్టేసి, లాప్‌టాప్‌లో ఒక్కొక్కటే తెరిచింది. మూడొందల పైచిలుకు ఉన్నాయి. బడులు, ఆఫీసులు, రెండు హోటళ్లు, ఒక గ్రంథాలయం. ప్రతిదాని కింద మూలన 'గీసినవారు' అన్న చోట ఆయన పేరు. డక్టు మీద నొక్కి దీన్ని ఎవరు చేశారని అడిగినా సాఫ్ట్‌వేర్ ఆయన పేరే చెప్పింది. పాపం, దానికేం తెలుసు, తలుపు ఎవరి తాళంతో తెరిస్తే ఆయనే వచ్చాడనుకుంటుంది. ఎనిమిదేళ్ల పనిలో తనదని చెప్పుకోవడానికి ఒక్క వంపు కూడా లేదని ఆమెకి ఆ పూట అర్థమైంది.

సాయంత్రం ఆయన స్నానం చేసి వచ్చాక అడిగింది. "ఒక కాగితం రాసిస్తారా? ఈ డ్రాయింగులు నేను గీశానని. పైపులమ్మ వాళ్ల ఆఫీసులో చూపించాలి."

ఆయన ముందు నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి తువ్వాలు కుర్చీ మీద వేశాడు. "ఇంట్లో సాయం చేసినదానికి సర్టిఫికెట్ ఏమిటి? పిచ్చిగానీ పట్టిందా? కంపెనీ లాప్‌టాప్ పెళ్లానికిచ్చి గీయిస్తున్నానని నా చేత్తో నేనే రాసివ్వాలా? నా ఉద్యోగం ఉంటుందా?"

"మరి నాకు రావాల్సిన ఉద్యోగం?"

"నీకిప్పుడు ఏం తక్కువైందని? ఆలోచించేది నేను, గీసేది నువ్వు. మెదడు సంతకం పెడుతుందిగానీ చెయ్యి పెడుతుందా?"

పక్క గదిలోంచి అత్తగారు అందుకున్నారు. "మొగుడూ పెళ్లాల మధ్య కాగితాలేమిటమ్మా, చోద్యం కాకపోతే."

ఆయన ఉద్యోగం గురించి చెప్పింది అబద్ధం కాదని ఆమెకి తెలుసు. ఆ కాగితం ఉంటే ఆయన ఉద్యోగం పోతుంది, లేకపోతే తను లేదు. ఎనిమిదేళ్ల కిందట మలుపు చూడమన్న రోజునే ఈ ముడి పడింది, అప్పుడు పుట్టింటికి వచ్చినట్టు సంబరపడుతూ కూర్చుని తానే బిగించుకుంది. మర్నాడు పైపులమ్మకి ఫోను చేసి "కొంచెం టైము పడుతుందే" అంది. "నెలాఖరు దాకా ఆపగలను. ఆ తర్వాత వేరేవాళ్లని తీసుకుంటారు" అంది పైపులమ్మ.

ఆ మర్నాడే అత్తగారి మోకాలి ఆపరేషన్. ఆసుపత్రిలో నాలుగు రోజులు ఆమే ఉంది. లేపడం, నడిపించడం, బెడ్‌పాన్ పెట్టడం, నర్సుతో మాటలు పడటం, అన్నీ. శుక్రవారం పొద్దున అత్తగారు ఉన్నట్టుండి "వాడికేదో పంపాల్సింది ఉందన్నాడు. నువ్వు లేకుండా ఒక్కడే గీసుకోగలడంటావా?" అన్నారు. ఎత్తిపొడుపేమీ లేదు, ఉత్త దిగులు. ఆమె దిండు సర్దుతున్నదల్లా ఆగిపోయింది. అంటే ఈవిడకి తెలుసు. ఎవరి చెయ్యి లేకపోతే కొడుక్కి పని జరగదో తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండటమే ఆ ఇంట్లో మర్యాద. "గీసుకుంటారులెండి అత్తయ్యా" అని దిండు సర్దింది.

ఇంటికి వచ్చాక లాప్‌టాప్ తెరిచి చూసింది. కారిడార్ పూర్తయి ఉంది. ఆయన మొదటి డక్టు గీసి, రెండోదాన్ని సులువు దారిలో పుట్టించాడు.

"మీరే గీశారా?"

"మరి? మధ్యాహ్నం కూర్చుని లాగించేశాను. నువ్వయితే నాలుగు రోజులు నానుస్తావు."

"ఐదొందల మిల్లీమీటర్ల డక్టులకి ఆరొందల ఎడం పెట్టారు. చెరో సగం పోతే వంద మిగిలింది. దానికి అటు యాభై, ఇటు యాభై దుప్పటి. ఇక సందేదండీ?"

"సాఫ్ట్‌వేర్ తప్పు పట్టలేదుగా?"

"ఒకదాన్నొకటి ఆనుకుంటే పట్టదు. ఒకదాంట్లోకి ఒకటి దూరితేనే పడుతుంది."

"పంపేశాను. సైటువాళ్లు సర్దుకుంటారులే. ప్రతిదానికీ వంకలు పెట్టకు."

సర్దుకోవడం గురించి ఆమెకి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. అత్తగారికి మందులిచ్చే వేళయింది.

నెలాఖరు రెండు రోజుల్లోకి వచ్చింది. ఒకనాడు పదకొండింటికి, కూరగాయలు తరుగుతుండగా ఆయన ఫోను. సైటులో ఉన్నట్టుంది, వెనక రేకు కోస్తున్న చప్పుడు. "ఆ కారిడార్‌లో సందు ఎంత ఉండాలి? తొందరగా చెప్పు" అన్నాడు, గొంతు తగ్గించి.

"దుప్పట్లు పోగా రెండొందల యాభై. తగ్గితే పానా తిరగదు."

"ఒక్క నిమిషం" అని ఆయన ఫోను చెవి దగ్గర నుంచి తీశాడు. పెట్టెయ్యడం మాత్రం మర్చిపోయాడు. ఎవరో పెద్దవయసు మనిషి గొంతు గట్టిగా వినబడుతోంది. అది రేకుల మేస్త్రీ అని ఆమెకి మాటల్ని బట్టి అర్థమైంది. ఆయన డ్రాయింగుల ప్రకారం డక్టులు చేసి ఎక్కించేది అతనేనని ఎన్నోసార్లు విన్నది గానీ ఎప్పుడూ చూడలేదు.

"సార్, నేనేం గొడవ పెట్టడం లేదు. ఎనిమిదేళ్ల నుంచి మీ కాగితాలు చూసి పని చేస్తున్నాను. ఎక్కడ చూసినా చెయ్యి పట్టేంత సందుండేది. అడక్కుండానే ఉండేది. మా వాళ్లతో చెబుతుండేవాణ్ణి, ఈ గీసే మనిషెవరో మన చేతుల సంగతి తెలిసినవాడురా అని. కింద పేరు మీదే ఉన్నా, ఇది ఆ చెయ్యి కాదు సార్. చూడగానే తెలిసిపోయింది. ఆయన నెంబరుంటే ఇవ్వండి, ఒక్క మాట అడిగి ఎలా విప్పాలో చూసుకుంటాను."

ఆయన తాపీగా, అధికారిలా అన్నాడు.

"ఇదివరకు గీసినాయన మానేశాడు."

"అయ్యో. మంచి చెయ్యి సార్" అన్నాడు మేస్త్రీ.

రేకు కోసే చప్పుడు మళ్లీ మొదలైంది. ఆమె ఫోను పెట్టేసింది. కత్తి చేతిలోనే ఉంది, సగం తరిగిన కాయ బల్ల మీద ఉంది. ఏడుపొచ్చింది. మొగుడు తనని లేకుండా చేసినందుకు వచ్చిందనుకుంది ముందు. అది కాదు. ఆ కోపం అడుగున ఎప్పటి నుంచో ఉంది, దానికి కన్నీళ్లు అయిపోయి చాలాకాలమైంది. ఎక్కడో నిచ్చెన మీద, ముఖం తెలియని ఒక ముసలాయన, ఎనిమిదేళ్లుగా ఆమె వదిలిన ప్రతి సందులో చెయ్యి పెట్టి చూసి, ఇది బాగుంది అనుకుంటూ వచ్చాడు. ఈ గదిలో తాను ఒక్కతే ఉన్నానని కుమిలిపోయిన రోజుల్లోనే అవతల ఒకరు ఆమె పనిని చదువుతూ ఉన్నారు. ఆ మాట ఈ పూట ఆయన ఫోను పెట్టెయ్యడం మర్చిపోబట్టి చెవిన పడింది గానీ లేకపోతే జన్మంతా తెలిసేదే కాదు. కళ్లు తుడుచుకుని, ముఖం కడుక్కుని, చాలాసేపు కుళాయి కట్టకుండా నిలబడింది. 'మంచి చెయ్యి' అని పైకే అనుకుని చూసింది. తన గొంతుతో వింటే కొత్తగా ఉంది.

కాగితం ఎవరు రాసిస్తే ఏమిటి, రాయకపోతే ఏమిటి? చెయ్యి తన దగ్గరే ఉంది. ఇన్నాళ్లూ ఆ సంగతి తట్టనందుకు తనని తనే తిట్టుకుంది. పైపులమ్మకి ఫోను చేసింది.

"చూపించడానికి నా దగ్గర ఒక్క డ్రాయింగూ లేదే. అన్నీ వేరేవాళ్ల పేరు మీద ఉన్నాయి. మీ పెద్దాయన్ని ఏదైనా ఒక కారిడార్ ఇమ్మను. ఆయన ఎదురుగా కూర్చుని గీస్తాను. నచ్చకపోతే లేచి వచ్చేస్తాను."

పైపులమ్మ ఎవరి పేరని అడగలేదు. "రేపు పదింటికి రా. ఆయన్ని నేను ఒప్పిస్తాను" అంది.

ఆరింటికి ఆయన వచ్చాడు. బూట్లయినా విప్పకుండా లాప్‌టాప్ తెచ్చి ఇస్త్రీ బల్ల మీద పెట్టాడు. ఆమె పాప యూనిఫారం మడత పెడుతోంది.

"ఆ మేస్త్రీ ఒకడు, నలుగురిలో పరువు తీశాడు. రెండోసారి తేడా వస్తే ఊరుకోమన్నారు. రేపు పదకొండింటికల్లా సరిచేసి పంపాలి. నువ్వు కూర్చుంటే రెండు గంటల పనేగా."

"రేపు నేను ఇంట్లో ఉండను. పదింటికి పైపులమ్మ వాళ్ల ఆఫీసులో టెస్టుంది."

"ఏం టెస్టు?"

"డక్టులు గీసే టెస్టు. అత్తయ్యకి అన్నం, మందులు బల్ల మీద పెట్టి వెళ్తాను. పన్నెండింటికి మీరొచ్చి ఇవ్వండి."

ఆయన లాప్‌టాప్ వైపూ ఆమె వైపూ మార్చి మార్చి చూశాడు. పక్క గదిలో అత్తగారి రేడియో ఆగిపోయింది.

"అది సరే, మరి ఇది ఎవరు గీస్తారు?" అన్నాడు.

ఆమె యూనిఫారం చేతులు లోపలికి మడిచి, దొంతర మీద పెట్టింది.

"ఇదివరకు గీసినాయన మానేశాడని మేస్త్రీతో మీరే చెప్పారుగా" అంది. "అబద్ధమేం కాదులెండి. మీరలా అన్న నిమిషంలోనే మానేశాడు."